ప్రపంచమంతా ఒకే ఊరట! మరి వెలివాడ ఎటువైపు?

ప్రపంచం కుగ్రామమైపోయిందని ముప్పై ఏళ్ళుగా మన చెవుల్లో ఊదరగొడుతున్నారు. కెనడా ప్రొఫెసరు మార్షల్ మెక్లూహన్ 1960ల్లోనే ఈ మాట అన్నాడు. రేడియోలూ టీవీలూ వచ్చి లోకాన్నంతా ఒక పల్లెగా చేసేస్తాయన్నాడు. ఆయనకు మన పల్లె సంగతి తెలియదు, వదిలేద్దాం. తెలిసిన మనవాళ్ళున్నారు గదా - ఎడిటర్లు, మంత్రులు, కంప్యూటర్ బాబులు - వాళ్ళు ఆ మాటను పట్టుకొచ్చి పండగ చేసుకున్నారు. ఎందుకు చేసుకోరు? ఊరు వాళ్ళది. మాకు మాత్రం ఊరు అనగానే వచ్చే ప్రశ్నలు వేరు. ఊరైతే దాని వాడ ఎటుపక్క? బావి ఎవరి చేతిలో ఉంది? చేద ఎవరు తోడుతున్నారు? కింద దోసిలి పట్టుకుని, పైనించి ఎప్పుడు పోస్తారా అని నిలబడ్డది ఎవరు?

ఇక్కడ మేము మాట్లాడేది వార్త అనే బావి గురించి.

తీగ ఎవరి చేతిలో ఉంటే లోకానికి వాడి మాటే చేరుతుంది. 1870లో మూడు వార్తల కంపెనీలు - లండన్‌లో రాయిటర్స్, పారిస్‌లో హవాస్, బెర్లిన్‌లో వోల్ఫ్ - ఒప్పందం రాసుకుని భూగోళాన్ని పంచుకున్నాయి. ముగ్గురు భూస్వాములు గట్లు వేసుకుని పొలం పంచుకున్నట్టే. బ్రిటిషు సామ్రాజ్యమంతా రాయిటర్స్ వాటాకు పోయింది, మన దేశంతో సహా. అదే ఏడు సముద్రం అడుగు నించి బొంబాయికి తంతి తీగ వచ్చింది. తెల్లవాడు లోకానికి చెప్పిందే మన సంగతి అయింది. ఈ కథను ప్రతి జర్నలిజం కాలేజీలో చెప్తారు. అక్కడితో ఆపేస్తారు. ఇంకో సగం ఉంది, అది చెప్పరు.

ఆ సగం చెప్పింది బాబాసాహెబ్. 1945లో 'కాంగ్రెస్, గాంధీ అంటరానివారికి ఏం చేశారు' అనే పుస్తకంలో ఆయన లోకం ముందు ఒక లెక్క పెట్టాడు. అంటరానివాళ్ళ మాట బయటి దేశాలకు ఎందుకు చేరడం లేదు? దేశంలో వార్తలు పంచే ముఖ్యమైన ఏజెన్సీ అసోసియేటెడ్ ప్రెస్ ఆఫ్ ఇండియా. దాన్లో ఉద్యోగులంతా మద్రాసు బ్రాహ్మణులే, వాళ్ళంతా కాంగ్రెస్ పక్షమే, కాంగ్రెస్‌కు ఇబ్బందయ్యే వార్తను బయటికి పోనివ్వరు అని రాశాడు. ఆ ఏజెన్సీ యజమాని ఎవరు? రాయిటర్స్. అంటే తీగ తెల్లవాడిది, తీగ చివర కూర్చున్న చెయ్యి బ్రాహ్మణుడిది. ఇద్దరి మధ్య స్వాతంత్ర్యం గురించి ఎంత కొట్లాట ఉన్నా, మన నోరు నొక్కే దగ్గర మాత్రం తగువు లేదు. అదే పుస్తకంలో విదేశీయులకు విన్నపం చేస్తూ ఒక అధ్యాయమే రాయాల్సి వచ్చింది ఆయనకు. ఇంగ్లండులో, అమెరికాలో చదివిన మనిషి, వైస్రాయ్ కౌన్సిల్‌లో సభ్యుడు - ఆయనకే దారి లేకపోతే పల్లెలో పాలేరు మాట లండన్ దాకా ఎట్లా పోతుంది?

తెల్లవాడు పోయాడు. 1949లో ఆ ఏజెన్సీ పనిని ప్రెస్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా తీసుకుంది. బోర్డు మారింది. కుర్చీలో కులం మారిందా?

1996లో వాషింగ్టన్ పోస్ట్ పత్రికకు ఢిల్లీలో కెనెత్ కూపర్ అనే నల్లజాతి విలేకరి ఉండేవాడు. ఆయన ఒక దళిత జర్నలిస్టుతో మాట్లాడాలనుకున్నాడు. ఒక్కరి పేరు చెప్పమని బి.ఎన్. ఉనియాల్ అనే సీనియర్ జర్నలిస్టును అడిగాడు. ఉనియాల్ వెతికాడు. కేంద్ర ప్రభుత్వ గుర్తింపు పొందిన 686 మంది విలేకర్ల జాబితా ముందేసుకుని చూశాడు. ఒక్క దళితుడూ తగల్లేదు. ఆ సంగతే 1996 నవంబరులో పయొనీర్ పత్రికలో రాశాడు. అమెరికాలో బానిసల మనవడు పెద్ద పత్రికకు విలేకరై మన దేశం దాకా రాగలిగాడు, మన వాడ బిడ్డ మాత్రం వాడ నించి ఢిల్లీ ప్రెస్ క్లబ్బు దాకా పోలేకపోయాడు. ఏది ఎక్కువ దూరం?

పదేళ్ళకు, 2006లో, ఢిల్లీ పరిశోధకులు మళ్ళీ లెక్కబెట్టారు. 37 హిందీ, ఇంగ్లీషు సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మందిలో దళితులు, ఆదివాసులు సున్నా. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ వాళ్ళు 121 పెద్ద కుర్చీలు లెక్కబెడితే 106 అగ్రకులాలవి. దళితులు, ఆదివాసులు మళ్ళీ సున్నా. మధ్యలో ఎన్ని ఉపగ్రహాలు ఎగిరాయి, ఎన్ని వందల ఛానెళ్ళు పుట్టాయి! సున్నా మాత్రం సున్నాగానే ఉంది. ఎవరైనా సరే, ఉపగ్రహం వచ్చి కులాన్ని కడిగేస్తుందని చెప్తే ఈ మూడు లెక్కలు వాళ్ళ ముందు పెట్టండి.

1970ల్లో పేద దేశాలన్నీ గొంతెత్తాయి. రాయిటర్స్, ఏపీ, యూపీఐ, ఏఎఫ్‌పీ అనే నాలుగు ఏజెన్సీలే లోకానికంతా వార్తలు వండి పెడుతున్నాయి, కరువూ వరదా తిరుగుబాటూ తప్ప మా గురించి ఇంకేం రాయడం లేదు, కొత్త వార్తా వ్యవస్థ కావాలి అన్నాయి. న్యాయమైన మాట. మేమూ ఒప్పుకుంటాం. యునెస్కో ఐర్లండు మనిషి షాన్ మాక్‌బ్రైడ్ అధ్యక్షతన 16 మందితో కమిషన్ వేసింది, 1980లో రిపోర్టు వచ్చింది. అమెరికాకు అది కారం రాసినట్టయింది. 1984 చివర యునెస్కో నించే వెళ్ళిపోయింది. ఏడాదికి బ్రిటన్ కూడా పోయింది.

అయితే మన సర్కారు ఆ ఉద్యమంలో ఎట్లాంటి మొహంతో నిలబడిందో చూడండి. 1976 జులైలో ఢిల్లీలో అలీన దేశాల సభ పెట్టారు, మా వార్తలు మేమే పంచుకుంటాం అని. గొప్ప సభ. ఆ రోజున దేశంలో ఏముంది? ఎమర్జెన్సీ. పత్రికల మీద సెన్సారు. ఉన్న నాలుగు వార్తా ఏజెన్సీలనూ కలిపి 'సమాచార్' అనే ఒకే కొట్టంలో కట్టేశారు. బయట లోకానికి 'మా నోరు నొక్కొద్దు' అంటూ, ఇంట్లో అందరి నోళ్ళూ నొక్కిన పెద్దమనుషులు! మాక్‌బ్రైడ్ రిపోర్టులో దేశం లోపలి అసమానతల మాట కూడా ఉంది. కాని మన పాలకులు ఆ పేజీలు తిప్పలేదు. దేశానికీ దేశానికీ మధ్య సమానం కావాలన్నారు, ఊరికీ వాడకీ మధ్య సమానం అంటే మాత్రం చెవుడు.

ఆ చెవుడు 2001లో లోకానికంతా తెలిసింది. దక్షిణాఫ్రికాలో డర్బన్ నగరంలో జాతివివక్ష మీద ఐక్యరాజ్యసమితి మహాసభ జరిగింది. దేశం నలుమూలల నించి దళిత ప్రతినిధులు పోయారు. కులం పేరు ఆ తీర్మానంలో రాయమన్నారు. వాజ్‌పేయి ప్రభుత్వం ఒప్పుకోలేదు. కులం మా ఇంటి వ్యవహారం, జాతితో దానికి సంబంధం లేదు అంది. ఇదే దేశం అంతకుముందు దక్షిణాఫ్రికా నల్లవాళ్ళ తరఫున ఐక్యరాజ్యసమితిలో దశాబ్దాల పాటు మాట్లాడింది. అక్కడి వివక్ష లోకం వ్యవహారం, ఇక్కడిది ఇంటి వ్యవహారం! పెళ్ళాన్ని కొట్టేవాడు కూడా ఇదే మాట అంటాడు. తీర్మానంలో కులం పేరు రాకపోయినా, లోకం విన్నది. మరుసటి ఏడు, 2002లో, ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ పుట్టుకను బట్టి చేసే వివక్షలో కులం కూడా వస్తుందని రాసిపెట్టింది. బాబాసాహెబ్ 1946లో అమెరికాలో నల్లజాతి నాయకుడు డుబాయ్‌కి ఉత్తరం రాసి, మీరు ఐక్యరాజ్యసమితికి ఇస్తున్న అర్జీ నకలు పంపండి అని అడిగాడు. మన అంతర్జాతీయ కమ్యూనికేషన్ ఆ పోస్టు కవరుతో మొదలైంది. డర్బన్ దాకా వచ్చింది. దానికి ఏ కంపెనీ ఉపగ్రహమూ సాయపడలేదు.

ఇక అసలు సంగతి - ఆకాశం ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు.

1991 మన రాష్ట్రంలో మరిచిపోకూడని ఏడు. జనవరిలో అమెరికా ఇరాక్ మీద బాంబులేసింది. సీఎన్ఎన్ అనే అమెరికా టీవీ ఆ యుద్ధాన్ని జరుగుతున్నది జరుగుతున్నట్టే లోకానికి చూపించింది. మన పట్నాల్లో పెద్ద హోటళ్ళలో కూర్చుని కూడా చూశారు. ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి, కొన్ని శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. బాగ్దాద్‌లో బాంబు పడిన క్షణాన ఢిల్లీకి తెలుస్తుంది. చుండూరు శవాల్ని మాత్రం మనవాళ్ళు కాలవల్లో చేలల్లో వెతుక్కోవాలి. ఇది యంత్రాల కొరత కాదు. ఎటువైపు కెమెరా తిప్పాలో నిర్ణయించే చెయ్యి ఎవరిదన్నదే ఇక్కడ లెక్క.

అదే ఏడు హాంకాంగ్ నించి స్టార్ టీవీ దిగింది. ఆసియాశాట్ అనే ఉపగ్రహం నించి బొమ్మలు కురిపించడం మొదలుపెట్టింది. మన దేశంలో అప్పటికి సర్కారు తప్ప ఎవరూ ప్రసారం చెయ్యకూడదు. 1885 నాటి బ్రిటిషువాడి టెలిగ్రాఫ్ చట్టం అడ్డం. కాని బొమ్మ హాంకాంగ్‌లో ఎక్కి ఆకాశంలో తిరిగి ఇక్కడ దిగుతోంది గనక చట్టం దానికి తగల్లేదు. కేబుల్ వాళ్ళు మేడ మీద డిష్షు పెట్టి, కరెంటు స్తంభాల మీద తీగలు లాగి ఇంటింటికీ ఇచ్చారు. ఎవరూ పట్టుకోలేదు. 1993లో ఆస్ట్రేలియాలో పుట్టిన అమెరికా కోటీశ్వరుడు రూపర్ట్ మర్డోక్ 52 కోట్ల 50 లక్షల డాలర్లిచ్చి స్టార్‌లో 63 శాతం పైన వాటా కొన్నాడు. కేబుల్ వ్యాపారానికి పార్లమెంటు చట్టం చేసింది 1995లో. అంటే వ్యాపారం ముందు, చట్టం వెనక. సర్కారు లైసెన్సు లేదన్న మాట మర్డోక్‌ను ఒక్కరోజు కూడా ఆపలేదు.

1995 ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు ఒక తీర్పిచ్చింది. క్రికెట్ ప్రసారాల తగాదాలో వచ్చింది. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి, సర్కారు గుత్త సొమ్ము కాదు అంది. బంగారం లాంటి మాట. ప్రజల ఆస్తి అన్నారు గదా, ప్రజలు పోయి అడిగారు. ఎవరా ప్రజలు? జహీరాబాద్ పక్కన, అప్పటి మెదక్ జిల్లా పస్తాపూర్, మాచునూరు చుట్టుపక్కల ఊళ్ళ దళిత ఆడవాళ్ళు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల వాళ్ళు. బీడు భూములు సాగుచేసి జొన్న, కొర్ర, సామ విత్తనాలు కాపాడుకున్న కూలి అక్కలు. మా రేడియో మాకు కావాలి, మా యాసలో మా విత్తనం సంగతి, మా పాట, మా పిల్లల జబ్బుల సంగతి మేమే చెప్పుకుంటాం అన్నారు. యునెస్కో సాయం చేస్తే 1998కల్లా మాచునూరులో స్టేషను కట్టుకున్నారు. మైకు ఉంది, రికార్డింగు గది ఉంది, నేర్చుకున్న పిల్లలున్నారు. లైసెన్సు లేదు.

పదేళ్ళు! పదేళ్ళ పాటు కార్యక్రమాలు క్యాసెట్ల మీద రికార్డు చేసి, సంఘం కూటాల్లో టేపురికార్డరు పెట్టి వినిపించుకున్నారు. గాలిలోకి వదలడానికి వీల్లేదు. ఈలోపు ఏం జరిగింది? 2001లో బెంగళూరులో మొదటి ప్రైవేటు ఎఫ్ఎం మొదలైంది, సినిమా పాటలకు అడ్డం లేదు. 2002 చివర సర్కారు కాస్త తలుపు తీసింది, పేరున్న చదువుల సంస్థలకు మాత్రమే. 2004లో చెన్నైలో అన్నా యూనివర్సిటీ రేడియో వచ్చింది. కోర్టు చెప్పిన 'ప్రజలు' అంటే మొదట కంపెనీలు, తర్వాత ప్రొఫెసర్లు అన్నమాట. మళ్ళీ అదే వరస. బావి దగ్గర మన వంతు ఎప్పుడూ చివరే. 2006 నవంబరులో విధానం మార్చారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. వంద వాట్ల లోపు బలం, చుట్టుపక్కల ఊళ్ళ దాకా వినపడుతుంది. ఇంత చిన్న గొంతుకు భయపడి పదేళ్ళు ఆపిందా ఈ మహా సర్కారు? రక్షణ సమస్య అన్నారు, దేశభద్రత అన్నారు. హాంకాంగ్ నించి దిగిన బొమ్మతో దేశభద్రతకు ఏం కాలేదు. మాచునూరు అక్క విత్తనం గురించి మాట్లాడితే దేశం కూలిపోతుందా?

లైసెన్సు ఇచ్చి కూడా ఒక ముల్లు దాచారు. అన్నలూ అక్కలూ, ఇది అందరూ తెలుసుకోవాలి. ఆ 2006 విధానంలో ఒక నిబంధన ఉంది. కమ్యూనిటీ రేడియో వార్తలు చెప్పకూడదు. వర్తమాన విషయాలు చెప్పకూడదు. ఆ తర్వాత ఒక సడలింపు ఇచ్చారు, ఆకాశవాణి వార్తల్ని ఉన్నదున్నట్టు వేసుకోవచ్చట. పాట పాడుకో, మందు చెప్పుకో, జొన్న గురించి చెప్పుకో. నిన్న రాత్రి మీ వాడ మీద ఎవరు దాడి చేశారో మాత్రం చెప్పకు. కూలి రేటు ఎవరు ఎగ్గొట్టారో, రేషను బియ్యం ఎక్కడికి పోయాయో వార్తగా చెప్పకు. మర్డోక్‌కి వార్త అమ్ముకునే హక్కు ఉంది. 2003 నించి వార్తా ఛానెళ్ళలో విదేశీ పెట్టుబడికి 26 శాతం దాకా దారి తీశారు, 2015లో 49 శాతం చేశారు. విదేశీ సొమ్ము వార్తలోకి రావచ్చు, వాడ నోరు రాకూడదు. గ్లోబలైజేషన్ అంటే ఏంటని అడిగేవాళ్ళకు ఈ రెండు నిబంధనలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు, వేరే పాఠం అక్కర్లేదు.

తెలుగులో ఒక మంచి సౌకర్యం ఉంది. ఇంగ్లీషువాడికి లేదు. 'మన' అంటే వింటున్నవాడూ అందులో ఉన్నాడని, 'మా' అంటే వాడు లేడని. మన ఇళ్ళల్లోకి వచ్చిన ఒక ఛానెల్ పేరు మా టీవీ. 2015లో దాన్ని స్టార్ ఇండియా కొన్నది, అంటే మర్డోక్ కంపెనీ. 2019లో మర్డోక్ తన వ్యాపారంలో పెద్దభాగం అమ్మేస్తే అమెరికాలో మిక్కీ ఎలుక బొమ్మల డిస్నీ కంపెనీ చేతికి పోయింది. 2024 నవంబరులో డిస్నీ దాన్ని అంబానీ రిలయన్సుతో కలిపి సుమారు 70 వేల కోట్ల విలువ కట్టిన కొత్త కంపెనీ చేసింది, పెత్తనం అంబానీది. పదేళ్ళలో ముగ్గురు దొరలు మారారు. చూసేవాళ్ళను ఎవరన్నా అడిగారా? సంతలో గొడ్డు చేతులు మారితే గొడ్డును అడుగుతారా! పేరు సరిగానే పెట్టారు, అది 'మా'యే, మనది కాదు.

అందులో వచ్చేదేంటి? నెదర్లాండ్స్‌లో 1999లో పుట్టిన 'బిగ్ బ్రదర్' ఆట 2017లో 'బిగ్ బాస్' అని తెలుగు చీర కట్టుకుని వచ్చింది. అంతకుముందు బ్రిటన్‌లో 1998లో పుట్టిన ప్రశ్నల ఆట 'మీలో ఎవరు కోటీశ్వరుడు' అయింది. కొనుక్కొచ్చిన సరుకు, పైన తెలుగు పూత. ఆ బిగ్ బాస్ ఇంట్లో అంట్లు ఎవరు తోమాలన్నది పెద్ద గొడవట, దాని మీద ఏడుపులు, ఓట్లు. మా ఆడవాళ్ళు తరతరాలుగా ఊరందరి అంట్లూ తోముతూనే ఉన్నారు, ఒక్కరూ ఎలిమినేట్ చెయ్యలేదు.

ఇక్కడ మన వామపక్ష మిత్రులతో ఒక మాట. విదేశీ టీవీ వచ్చి మన సంస్కృతిని పాడుచేస్తోందని 1990ల నించి మీరు ఊరేగింపులు తీస్తున్నారు. ఆ పాట ఆరెస్సెస్ వాళ్ళు కూడా పాడుతున్నారు, గమనించారా? ఏ సంస్కృతి పాడవుతోంది? చెప్పులు చేత్తో పట్టుకుని ఊళ్ళో నడిపించిన సంస్కృతా? జోగిని వేషం కట్టించిన సంస్కృతా? అది పాడైపోతే మాకు కన్నీళ్ళు రావు. మా తగువు మర్డోక్ బట్టలు విప్పాడని కాదు. ఊరి దొర, లోకం దొర చేతులు కలిపి మా నోటికి తాళం వేశారని. ఈ రెండు తగువులూ ఒకటి కాదు.

మనలోనే కొందరున్నారు, ప్రపంచీకరణ కులాన్ని కరిగిస్తుందనేవాళ్ళు. సెల్‌ఫోను మన చేతికి వచ్చిందిగా అంటారు. వచ్చింది, కాదనం. 2016 జనవరి 17న హైదరాబాద్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయినప్పుడు, ఆ బిడ్డ రాసిన ఉత్తరం ఏ ఎడిటరు దయా లేకుండా ఫోన్ల మీద దేశాలు దాటింది. హైదరాబాద్‌లోనే పుట్టిన 'దళిత్ కెమెరా' మన మనుషుల మాటల్ని మన చేతులతో తీసి లోకం ముందు పెట్టింది. ఇవి మన గెలుపులు. కాని ఆ ఫోనులో ఉన్న అంగడి ఎవరిది? 2018 నవంబరులో ట్విట్టర్ అధిపతి జాక్ డోర్సీ ఢిల్లీ వచ్చాడు. ఒక దళిత కార్యకర్త ఇచ్చిన పోస్టరు పట్టుకుని ఫొటో దిగాడు, బ్రాహ్మణీయ పితృస్వామ్యాన్ని బద్దలుకొట్టాలని ఉంది దాని మీద. అంతే, అగ్రకులాలు లేచాయి. అంత పెద్ద అమెరికా కంపెనీ క్షమాపణ చెప్పింది. 2022 ఏప్రిల్‌లో గూగుల్ న్యూస్ విభాగం వాళ్ళు, లోకంలోని వార్తలన్నీ ఏరి ముందుపెట్టేది వాళ్ళే, దళిత చరిత్ర మాసం సందర్భంగా తేన్మొళి సౌందరరాజన్‌ను మాట్లాడడానికి పిలిచారు. లోపలున్న కొందరు ఉద్యోగులు ఆమె హిందూ వ్యతిరేకి అని గొడవ చేశారు. ఉపన్యాసం రద్దు. పిలిచిన అధికారిణి ఉద్యోగం వదిలి పోవాల్సి వచ్చింది. 1945లో బాబాసాహెబ్ చెప్పిన ఏజెన్సీ గదికీ, కాలిఫోర్నియాలో ఈ గూగుల్ గదికీ మధ్య ఎంత దూరం? తీగ పోయి గాజుతీగ వచ్చింది. తీగ చివర చెయ్యి వీసా తీసుకుని అమెరికా పోయింది.

కాబట్టి సంఘాల వాళ్ళకు మేము చెప్పేది పని గురించి. ఏ వాడలో ఏం జరిగినా విలేకరి వస్తాడని కూర్చోవద్దు. తేదీ, చోటు, దెబ్బలు తిన్నవాళ్ళ సంఖ్య, కేసు పెట్టారా లేదా, ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం సెక్షన్లు పెట్టారా, ఎఫ్ఐఆర్ నంబరు ఎంత - ఇవి అదే రోజు రాసి ఉంచండి. తెలుగులో ఒకటి, చదువుకున్న పిల్లలతో ఇంగ్లీషులో ఒకటి. ఫోనులో తీసింది తీసినట్టు రెండు మూడు చోట్ల దాచండి, కంపెనీ వాడు ఎప్పుడు తుడిచేస్తాడో తెలియదు. రెండోది, కమ్యూనిటీ రేడియో వార్త చెప్పకూడదనే నిబంధన ఎత్తెయ్యమని ప్రతి మండలం నించీ కేంద్ర సమాచార శాఖకు అర్జీలు పోవాలి. ఈసారి ఓట్లకు వాడలోకి వచ్చే ప్రతి ఎంపీ అభ్యర్థినీ నిలబెట్టి అడగండి: విదేశీ కంపెనీ వార్తలో పెట్టుబడి పెట్టొచ్చు, మా అక్క మైకులో వార్త ఎందుకు చెప్పకూడదు? ఏం జవాబిచ్చాడో, పేరు, పార్టీ, ఊరు రాసి మాకు పంపండి. ఉన్నదున్నట్టు అచ్చువేస్తాం.